తలుపు దాకా వచ్చిన కబురు

మా పక్కింటి అంకుల్ని కడసారి చూడ్డానికి వెళ్ళినప్పుడు ఫ్యూనరల్ హోమ్‌లో జనం రెండు వర్గాలుగా కూర్చున్నారు. ఎడమవైపు మేం, అంటే ఇల్లినాయ్‌లో అరోరా ఊరి చుట్టుపక్కల తెలుగువాళ్ళం. కుడివైపు టోపీలు పెట్టుకున్న తెల్ల ముసలాళ్ళు. ఆ టోపీల మీద పేర్లు లేవు. అక్షరాలూ అంకెలూ కలిపి, కార్ల నంబర్ ప్లేట్ల మాదిరి, దారంతో కుట్టించుకున్నారు. మావాళ్ళకు ఆయన ఇంటిపేరు, జిల్లా, కులం, కొలెస్ట్రాల్ ఎంతుందో కూడా తెలుసు. రేడియోలో పేరుకు బదులు ఆయన వాడే అలాంటి కాల్‌సైన్ ఏమిటో ఒక్కరికీ తెలియదు. టోపీలవాళ్ళకు కాల్‌సైన్ నోటికొచ్చు. ఏళ్ళ తరబడి రేడియోలో ఆయనతో మాట్లాడుతున్నారట గానీ, ఆయన పేరు పలకడం ఒక్కరికీ రాదు.

వాళ్ళలో పొడుగ్గా ఉన్న ఒక పెద్దాయన నా దగ్గరికొచ్చి, "మీరు ఆయన్ని ఏమని పిలిచేవారు?" అని ఇంగ్లీషులో అడిగాడు.

"అంకుల్ అని."

"ఓ, మీ నాన్నగారి తమ్ముడా?"

"కాదు, పక్కిల్లు."

ఆయన అంతా అర్థమైనట్టు తల ఊపి, "ఇప్పుడాయన సైలెంట్ కీ అయ్యాడు," అన్నాడు. హామ్ రేడియోవాళ్ళలో, అంటే సరదాకి సొంత రేడియోలతో దేశదేశాలవాళ్ళతో మాట్లాడేవాళ్ళలో, ఎవరైనా పోతే అలా అనాలట. మోర్స్ కోడ్ కొట్టే మీట మూగబోయిందని అర్థమట. నేనా మాట పక్కనే కూర్చున్న ఆంటీకి తెలుగులో చెప్పాను. ఆంటీ ఏడ్చి ఏడ్చి కళ్ళు వాచిపోయి ఉన్న మనిషి. అయినా నా చెవి దగ్గరికి వంగి, "నలభై ఏళ్ళ నుంచి ఎదురుచూశానే ఆ సైలెన్స్ కోసం. ఇలా అని తెలియక," అంది.

ఆయన పేరు ఇక్కడ రాయను. రాస్తే కాల్‌సైన్ రాయలేదని ఆయన ఎక్కడున్నా ఒంటికాలి మీద లేస్తారు. పేరు మా నాన్న పెట్టాడు, కాల్‌సైన్ నేను పరీక్ష రాసి తెచ్చుకున్నాను అనేవారు. ఇంజనీరింగ్ డిగ్రీ కంటే, అమెరికా పౌరసత్వం కంటే, ఆ పరీక్ష పాసవడాన్నే గొప్పగా చెప్పుకునేవారు. పిజ్జా ఆర్డర్ చేసినా ఇంటిపేరు ఒక్కో అక్షరానికి ఒక్కో మాట చొప్పున ఆల్ఫా, బ్రావో, చార్లీ అంటూ చెప్పేవారు. పాపం, పిజ్జా కొట్టు కుర్రాడు అంతమంది పేర్లెందుకని ఆల్ఫా పేరు మీద ఒక్క పిజ్జా పెట్టేవాడు.

రేడియోలో ఎదుటివాడి గొంతు ఎంత స్పష్టంగా వినిపిస్తోందో ఐదుకి, ఎంత గట్టిగా వినిపిస్తోందో తొమ్మిదికి మార్కులు వేస్తారు. అన్నీ సరిగ్గా ఉంటే ఫైవ్ నైన్. ఆ అలవాటు ఆయనకు ఒంట్లోకి పాకింది. దేన్నీ బాగుంది, బాగాలేదు అనేవారు కాదు. నేను ఉప్మా తీసుకెళ్తే ఒక ముద్ద నోట్లో పెట్టుకుని, కళ్ళు మూసుకుని, "ఫైవ్ సెవెన్," అనేవారు. ఉప్పు తగ్గిందని నేను అర్థం చేసుకోవాలి. మా ఆయన పాట పాడితే, "టూ నైన్. గట్టిగా ఉంది, అర్థం కాలేదు," అన్నారు. మా ఆయన ఆ తర్వాత ఆయన ఎదుట పాడలేదు. ఆ మేలు మాత్రం మరచిపోలేను.

ప్రపంచంలో మూడొందల పైచిలుకు దేశాలతో, దీవులతో మాట్లాడానని చెప్పేవారు. అన్ని దేశాలు ఎక్కడున్నాయని అడిగితే, రేడియోవాళ్ళ లెక్క వేరు, ప్రతి రాయీ రప్పా ఒక దేశమే అని కొట్టిపారేసేవారు. మొదట్లో నాకు నిజంగానే ముచ్చటేసింది. ఒకసారి కంచె దగ్గర పట్టుకుని అడిగాను.

"నిన్న ఎవరితో మాట్లాడారు అంకుల్?"

"పసిఫిక్ మధ్యలో ఒక దీవి అమ్మా. మూడేళ్ళుగా ట్రై చేస్తున్నా."

"అబ్బా. ఏమన్నాడు అతను?"

"ఫైవ్ నైన్ అన్నాడు."

"మీరేమన్నారు?"

"నేనూ ఫైవ్ నైన్ అన్నాను."

"తర్వాత?"

"తర్వాతేముంది? థాంక్యూ అని నెక్స్ట్ వాడితో మాట్లాడుకున్నాడు. వెనకాల లైన్ ఉంటుంది కదమ్మా."

మూడేళ్ళు ప్రయత్నించి మూడు మాటలు. అక్కడ వాన పడుతోందా, ఏం తింటారు, ఇవేమీ లేవు. పైగా అవతలివాడి గొంతు సరిగ్గా వినపడకపోయినా మర్యాద కోసం ఫైవ్ నైనే చెబుతారని తర్వాత తెలిసింది. అంత అబద్ధం చెప్పే మనిషి నా ఉప్మాకి మాత్రం రెండు మార్కులు తగ్గించారే అని ఇప్పటికీ కడుపు మండుతుంది.

ఆయన ఉద్యోగం చేసింది షామ్‌బర్గ్ వైపు ఒక కంపెనీలో. అక్కడ ముప్ఫై ఏళ్ళకు పైగా చేసిన పని సెల్ టవర్లలో పెట్టే యంత్రాలు తయారుచేయడం. రిటైరయ్యాక ఆయన చేసిన పని ఆ సెల్ టవర్లు ఎప్పుడు కూలిపోతాయా అని ఎదురుచూడటం. "సెల్ టవర్లు పడిపోయిన రోజున..." అని మొదలుపెట్టారంటే గుళ్ళో ప్రసాదం లైన్‌లో ఉన్నవాళ్ళు కూడా లైన్ వదిలేసి పోయేవారు. ఆ రోజున ఇంటర్నెట్ ఉండదు, ఫోన్లు పనిచేయవు, మనమంతా ఆయన గరాజ్ ముందు క్యూ కడతాం, అప్పుడాయన బ్యాటరీ మీద నడిచే రేడియో ముందు కూర్చుని మన కబుర్లన్నీ దేశం నలుమూలలకీ చేరవేస్తారు. ఈ ఉపన్యాసం నేను విన్నన్నిసార్లు మా పెళ్ళి మంత్రాలు కూడా నా చెవిన పడలేదు.

రేడియోకి యాంటెనా కావాలి. మా కాలనీ అసోసియేషన్‌వాళ్ళకి యాంటెనా అంటే పడదు. ఇళ్ళ రంగు, గడ్డి పొడవు, చెత్తబుట్ట మూత, అన్నిటికీ రూల్స్ పెట్టుకున్న జనం. వాళ్ళతో చాన్నాళ్ళు కుస్తీ పట్టి, చివరికి అంకుల్ ఒక ఎత్తు వేశారు. ఒకరోజు ఉదయం చూస్తే ఆయన ఇంటి ముందు ఆకాశాన్నంటే జెండా కర్ర, దాని మీద దుప్పటంత అమెరికా జెండా. జెండా ఎగరేసుకుంటానంటే ఎవరు మాత్రం వద్దంటారు? ఆ కర్రే యాంటెనా. కింద నుంచి వైరు పూలమొక్కల మధ్యగా గరాజ్‌లోకి వెళ్తుంది.

అసోసియేషన్‌వాళ్ళు వచ్చి చేయి కలిపి వెళ్ళారు. ఎదురింటి రిటైర్డ్ సైనికుడు రోజూ వాకింగ్‌కి వెళ్తూ ఆ జెండాకి సెల్యూట్ కొట్టేవాడు. జూలైలో కాలనీ పత్రికలో, ఈ దేశాన్ని ప్రేమించడం ఎలాగో ఈ వలసవచ్చిన కుటుంబాన్ని చూసి నేర్చుకోవాలని రాశారు. ఆంటీ ఆ ముక్క చదివి, "ఆయన ప్రేమించింది కర్రని. ఎవరికి చెప్పుకోను?" అంది. ఆయన మాత్రం పత్రిక ఫ్రేమ్ కట్టించి రేడియో పక్కన తగిలించారు. సిగ్గుపడినట్టు ఎక్కడా కనపడలేదు.

ఆ జెండా కర్ర వల్ల మాకు వచ్చిన బాధ వేరు. ఆయన బ్రెజిల్‌తో మాట్లాడాలని మీట నొక్కితే మా గరాజ్ తలుపు తెరుచుకునేది. మేమిద్దరం ఆఫీసుకెళ్ళి సాయంత్రం వచ్చేసరికి మా సామాన్లన్నీ వీధికి దర్శనమిస్తూ ఉండేవి. ఫిర్యాదు చేస్తే, "తప్పు నా రేడియోది కాదమ్మా, మీ గరాజ్ ఓపెనర్ చీప్ మాల్," అన్నారు. అన్నారే గానీ, ఆ వారాంతం నిచ్చెనేసుకుని వచ్చి మా తలుపు వైర్లకు నల్ల చుట్లు ఏవో బిగించి, జపాన్‌తో మాట్లాడి, తలుపు తెరుచుకోలేదని రుజువు చేసి వెళ్ళారు. నిచ్చెన పట్టుకున్నది నేనే. జపాన్‌వాడు కూడా ఫైవ్ నైనే అన్నాడు.

ఏటా జూన్‌లో వీళ్ళకొక పండగ ఉంటుంది. పార్కులో టెంట్లు వేసుకుని, జనరేటర్ పెట్టుకుని, దేశంలో కరెంటు పోయిందని అనుకుని ఒక రోజంతా రేడియోలు నడుపుతారు. పక్కనే పార్కువాళ్ళ కూల్‌డ్రింక్ మెషీన్ లైట్లేసుకుని వెలుగుతూ ఉంటుంది. దాన్ని మాత్రం ఎవరూ చూడకూడదు. ఒకసారి ఆంటీ పోరు పడలేక నేను పులిహోర పట్టుకెళ్ళాను. ఎండకి ముక్కు ఎర్రబడిన ముసలాళ్ళు, చెవులకు హెడ్‌ఫోన్లు పెట్టుకుని, రాని విపత్తుతో చెమటలు కక్కుతూ పోరాడుతున్నారు. అంకుల్ నన్ను చూసి, చేయెత్తి ఆగమని సైగ చేశారు. అరగంట ఆగాను. పులిహోర ఆయన తినలేదు, పక్క టెంట్‌వాళ్ళు తినేశారు.

తిరిగొచ్చేటప్పుడు ఆయన నా కార్లోనే వచ్చారు. ఎండకు వాడిపోయి ఉన్నారు. వేళాకోళానికే అడిగాను.

"ఇన్నేళ్ళలో నిజంగా ఎవరికైనా మీ రేడియోతో అవసరం పడిందా అంకుల్?"

"లేదమ్మా," అన్నారు. "నా వరకూ ఒక్కటి కూడా రాలేదు. సెల్‌ఫోన్లు మరీ బాగా పనిచేస్తున్నాయి. మేమే చేశాం కదా." సీటు బెల్టు సర్దుకుని, "ఒక్కసారి చాలు. ఒక్క మనిషి వచ్చి, ఈ కబురు అందించండి, నాకు వేరే దారి లేదు అంటే చాలు. అది అందిందని తెలిస్తే ఇవన్నీ కట్టిపెట్టేస్తా. మీ ఆంటీ గరాజ్‌లో కారు పెట్టుకోవచ్చు," అన్నారు.

నవ్వొచ్చింది గానీ నవ్వలేకపోయాను. ఆయన మాట తమాషాకి అన్నది కాదు.

ఆ విపత్తు ఈ వేసవిలో వచ్చింది. విపత్తంటే మరీ పెద్దదేమీ కాదు. మధ్యాహ్నం గాలీ వానా ఒక్కసారిగా విరుచుకుపడి చెట్లు కూలాయి. కరెంటు పోయింది. ఇంటర్నెట్ పోయింది. సెల్‌ఫోన్‌లో సిగ్నల్ గీతలు ఒక్కొక్కటే తగ్గి చివరికి ఏమీ మిగల్లేదు. వాన తగ్గి నేను బయటికొచ్చేసరికి అంకుల్ గరాజ్ తలుపు పూర్తిగా ఎత్తి ఉంది. లోపల లైట్లు వెలుగుతున్నాయి. ఆయన ఇస్త్రీ చొక్కా వేసుకుని, కాల్‌సైన్ టోపీ పెట్టుకుని, చేతిలో పెన్సిల్‌తో గుమ్మంలో నిలబడి ఉన్నారు. పెళ్ళివారిని ఎదుర్కోవడానికి నిలబడ్డ మనిషిలా ఉన్నారు.

జనం వచ్చారు. ఆయన చెప్పినట్టే గరాజ్ ముందు క్యూ కట్టారు. ఆ ఒక్క విషయంలో ఆయన జోస్యం అక్షరాలా నిజమైంది. అందరి చేతుల్లోనూ ఫోన్ చార్జర్లున్నాయి.

"అంకుల్, జర ఒక పది పర్సెంట్ చార్జ్ కానియ్యరా? మీకాడ బ్యాటరీ ఉందంట కదా," అన్నాడు ముందున్న కరీంనగర్ అబ్బాయి.

"చార్జ్ పెట్టుకో నాన్నా. ఎవరికైనా మెసేజ్ పంపాలా?"

"లేదంకుల్. సిగ్నల్ రాంగనే నేనే వాట్సాప్ చేస్త."

తర్వాతి ఆవిడ ఐప్యాడ్ తెచ్చింది. పిల్లవాడు అది లేకపోతే అన్నం తినడట. ఆవిడ వెనకాల ఒకాయన, ఈ రేడియోలో వైఫై వస్తుందా అని అడిగాడు. ఎదురింటి సైనికుడు ఎలక్ట్రిక్ టూత్‌బ్రష్ తెచ్చాడు. అంకుల్ అందరికీ ప్లగ్గులు చూపించారు. అందరినీ అదే ప్రశ్న అడిగారు. అందరూ అదే జవాబు చెప్పారు. పెన్సిల్ చేతిలోనే ఉండిపోయింది.

ఆంటీ వంటింటి గుమ్మంలోంచి, "నాకో మెసేజ్ ఉంది, రాసుకోండి," అంది.

ఆయన నిజంగానే కాగితం సర్దుకున్నారు. "ఎవరికి?"

"మీకే. గరాజ్ ఖాళీ చేయండి."

గరాజ్‌లో అందరూ నవ్వారు. ఆయన నవ్వలేదు. "స్టేషన్ తనకు తాను మెసేజ్ పంపుకోకూడదు. రూల్," అని పెన్సిల్ చెవికి తగిలించుకున్నారు. ఆ ముఖం చూడలేకపోయాను. కాలిఫోర్నియాలో, శాన్ రామన్‌లో ఉద్యోగం చేస్తున్న మా అమ్మాయికి కబురు పంపాలని చెప్పాను. గాలివాన సంగతి వార్తల్లో చూసి కంగారు పడుతుందని ఒక అబద్ధం కూడా చేర్చాను. మా అమ్మాయి వార్తలు చూసే రకం కాదు.

ఆయన కుర్చీ తుడిచి నన్ను కూర్చోబెట్టారు. అడ్రస్, ఫోన్ నంబర్ తీసుకున్నారు. మాటలు తక్కువగా ఉండాలి, ఇంగ్లీషులో ఉండాలి అన్నారు. నా నాలుక ఊరుకోదు. "వియ్ ఆర్ సేఫ్. నో పవర్. నెక్స్ట్ డోర్ అంకుల్ వెరీ హ్యాపీ," అని చెప్పాను.

ఆయన రాసుకుని, చివరి వాక్యం మీద పెన్సిల్ ఆపారు. కళ్ళజోడు పైనుంచి నన్ను చూశారు. కొట్టేస్తారనుకున్నాను. కానీ ఇచ్చినవారి కబురులో ఒక్క అక్షరం మార్చకూడదని వాళ్ళ నియమం. మైకు ముందు కూర్చుని, కొలరాడోలో ఎవరినో పిలిచి, ఫోన్లు చార్జ్ చేసుకుంటున్న జనమంతా వింటూ ఉండగా, నా వెటకారాన్ని తన గొంతుతోనే చదివారు. అవతలివాడికి ఒక మాట తెగినట్టుంది. "హోటల్, ఆల్ఫా, పాపా, పాపా, యాంకీ. హ్యాపీ. వెరీ హ్యాపీ," అని మళ్ళీ చెప్పారు. చెబుతున్నప్పుడు ఆయన చెవులు ఎర్రబడటం నేను చూశాను. సంతోషంగా ఉన్నారన్నది మాత్రం పచ్చినిజం.

గంట గడవకముందే సెల్ సిగ్నల్ వచ్చేసింది. నేను మా అమ్మాయికి ఫోన్ చేసి మాట్లాడేశాను. ఇక ఆ మెసేజ్ ఆపేయమంటే అంకుల్ ఒప్పుకోలేదు. బయల్దేరిన కబురు చేరాల్సిందే అన్నారు. అది కొలరాడో పెద్దాయన చేతిలోంచి ఇంకొకరికి, అక్కడి నుంచి కాలిఫోర్నియాలో శాన్ రామన్‌కి దగ్గర్లో ఉన్న మరో పెద్దాయనకి చేరిందట. ఆ చివరి మనిషి మా అమ్మాయికి ఫోన్ చేసి, మీకు రేడియోలో ఒక సందేశం వచ్చింది అన్నాడు. మా అమ్మాయి ఇదేదో మోసమని ఫోన్ పెట్టేసింది. ఆయన మళ్ళీ చేశాడు. నంబర్ బ్లాక్ చేసింది.

రెండ్రోజుల తర్వాత మా అమ్మాయి నాకొక వీడియో పంపింది. దాంతోపాటే ఫోన్ చేసింది. "అమ్మా, హూ ఈజ్ దిస్ గై? నా పేరు తెల్సు, నీ పేరు తెల్సు. షుడ్ ఐ కాల్ ద కాప్స్?"

అది వాళ్ళ అపార్ట్‌మెంట్ తలుపుకున్న కెమెరా తీసిన వీడియో. చేతికర్ర, పట్టీల ప్యాంటు, కాల్‌సైన్ టోపీతో ఒక పండు ముసలాయన మెట్లెక్కి వచ్చి ఆయాసపడుతున్నాడు. బెల్ కొట్టాడు. తలుపు తెరుచుకోలేదు. కాసేపు చూసి, టోపీ తీసి, బెల్ దగ్గరున్న కెమెరాలోకి వంగి, "గుడ్ ఆఫ్టర్‌నూన్, యంగ్ లేడీ. ఇల్లినాయ్ నుంచి మీ అమ్మగారు పంపిన సందేశం," అని మొదలుపెట్టి నేను చెప్పింది చెప్పినట్టు చదివాడు. వెరీ హ్యాపీ దగ్గర గొంతు కొంచెం పెంచాడు కూడా. చదివాక జేబులోంచి పెన్సిల్ తీసి, "ఎనీ రిప్లై?" అని అడిగి నిలబడ్డాడు. ఇంతలో డెలివరీ కుర్రాడొకడు వచ్చి, ఆయన్ని తప్పించుకుని, పక్క తలుపు ముందు డబ్బా పడేసి పోయాడు. ముసలాయన ఇంకాసేపు నిలబడ్డాడు. "థాంక్యూ ఫర్ యువర్ టైమ్," అని తలుపుకి చెప్పి, టోపీ పెట్టుకుని, మెల్లగా మెట్లు దిగి వెళ్ళిపోయాడు.

నాకు నవ్వాగలేదు. అదే నవ్వుతో వీడియో పట్టుకెళ్ళి అంకుల్‌కి చూపించాను. ఆయన ఫోన్ రెండు చేతులతో పట్టుకుని చూశారు. "ఒక్క మాట పోలేదు," అన్నారు. మళ్ళీ పెట్టమన్నారు. ఈసారి పెన్సిల్ తీసిన దగ్గరి నుంచి ఫోన్ కళ్ళకు ఇంకా దగ్గరగా పెట్టుకుని చూశారు.

"మీ అమ్మాయి లోపలే ఉందా?"

"ఉంది అంకుల్. మీటింగ్‌లో ఉందట. తెలియనివాళ్ళకి తలుపు తీయొద్దని చిన్నప్పటి నుంచి నేనే చెప్పాను కదా."

"పిల్ల చేసిందే కరెక్ట్. ఎవడో దారినపోయేవాడికి తలుపెందుకు తీయాలి?" ఫోన్ తిరిగిచ్చేశారు. "కానీ దీన్ని డెలివర్ అయిందనకూడదమ్మా."

"కెమెరాలో వింది కదా?"

"వింటే సరిపోదు. అందింది అని ఎదుటిమనిషి నోటితో చెప్పాలి. ఇంత దూరం నాలుగు చేతులు మారి వచ్చింది. ఎక్కడా తప్పిపోలేదు. తలుపు దగ్గర ఆగిపోయింది."

ఆ తర్వాత ఆయన సెల్ టవర్లు పడిపోయిన రోజు గురించి మాట్లాడటం మానేశారు. గుళ్ళో ప్రసాదం లైన్ సజావుగా సాగింది. మా గరాజ్ తలుపు బుద్ధిగా ఉంది. కొన్నాళ్ళు హాయిగానే అనిపించింది. తర్వాత్తర్వాత ఆ నిశ్శబ్దం నాకే బాధనిపించింది. ఒకరోజు ఆంటీ మా ఇంటికొచ్చి సోఫాలో కూలబడింది.

"ఏం చేశారే మా ఆయన్ని, మీ తల్లీకూతుళ్ళు? వారం నుంచి నాతో మాట్లాడుతున్నారు."

"మంచిదే కదా ఆంటీ."

"ఏం మంచి? వంటింట్లో కుర్చీ వేసుకుని కూర్చుని, చారులో ఇంగువ ఎప్పుడు వేయాలో చెబుతున్నారు. నా వల్ల కాదు. మీ అమ్మాయి చేత ఏదో ఒక రిప్లై పెట్టించు. ఆయన్ని మళ్ళీ ఆ గరాజ్‌లోకి తోసేయాలి." అలా అంటూనే కొంగుతో కళ్ళు ఒత్తుకుంది.

మా అమ్మాయికి చెప్పాను. ఆఫీసులో రిలీజ్ ఉందని కొన్నాళ్ళు, ఫ్రెండ్ పెళ్ళని కొన్నాళ్ళు దాటేసింది. ఎట్టకేలకు ఒక ఆదివారం ఆ నంబర్‌ని అన్‌బ్లాక్ చేసి ముసలాయనకి ఫోన్ చేసింది. "హీ వాజ్ సో స్వీట్, అమ్మా. ఐ ఫెల్ట్ టెరిబుల్. తలుపు తీయలేదు కదా, నేను ఓకేనా కాదా అని వర్రీ అయ్యాడంట," అంది. రిప్లై ఏమిచ్చావని అడిగితే, "నీకు చెప్పను. అంకుల్‌కి రేడియోలో వస్తుంది, వెయిట్ చెయ్యి," అంది.

రిప్లై బయల్దేరిందని నేను కంచె దగ్గర చెప్పాను. అందులో ఏముందో నాకు తెలిసినా చెప్పొద్దని అంకుల్ చెవులు మూసుకున్నారు. మర్నాటి నుంచి ఉదయాన్నే గరాజ్‌లో లైటు వెలిగింది. టోపీ నెత్తికెక్కింది. నా పెసరట్టుకి ఫైవ్ ఎయిట్ వచ్చింది. రోజూ పొద్దున కబుర్లు అందించుకునేవాళ్ళంతా రేడియోలో కలిసే వేళకి ఆయన హెడ్‌ఫోన్లు పెట్టుకుని కూర్చునేవారు. రాలేదా అని అడిగితే, వాళ్ళంతా వయసైనవాళ్ళమ్మా, నెమ్మదిగా వస్తుంది అనేవారు. అలా ఎదురుచూస్తున్న రోజుల్లోనే ఒక ఉదయం ఆ కుర్చీలోనే గుండె ఆగింది. ఆంటీ కాఫీ తీసుకెళ్ళి చూసింది.

అంత్యక్రియలైన కొద్దిరోజులకి నేను క్యారియర్ తీసుకుని ఆంటీ దగ్గరికి వెళ్ళాను. ఆవిడ అన్నం ముందు కూర్చుందే గానీ తినడం లేదు. ఫోన్ మోగింది. ఎత్తి, ఒక్క క్షణం విని, పెట్టేసింది. "ఎవడో. మెసేజ్ ఉందంటాడు. ఇంట్లో మనిషి పోయాడని తెలిస్తే చాలు, దొంగలు తయారు," అంది. మళ్ళీ మోగింది. మళ్ళీ పెట్టేసింది. కొంతసేపటికి వీధి తలుపు చప్పుడైంది. నేను కిటికీలోంచి చూసి, "ఎవరో టోపీ పెట్టుకుని ఉన్నారు ఆంటీ," అన్నాను. ఆంటీ చేయి కడుక్కోకుండానే లేచి వెళ్ళి తలుపు బార్లా తీసింది.

ఫ్యూనరల్ హోమ్‌లో నాతో మాట్లాడిన పొడుగాటి పెద్దాయనే. లోపలికి రమ్మంటే గుమ్మం దగ్గరే ఆగిపోయాడు. ఆ ఉదయం రేడియోలో కాలిఫోర్నియా నుంచి అంకుల్‌కి ఒక సందేశం వచ్చిందట. పలకడానికి ఆయన లేరు కాబట్టి తను తీసుకున్నాడట. "మ్యామ్, దీన్ని మీకు చదవాలని నాకు లేదు. రాసినప్పుడు వాళ్ళకు తెలియదు. కానీ మేం మార్చకూడదు," అన్నాడు.

"చదవండి," అంది ఆంటీ.

ఆయన కాగితం కంటికి దూరంగా పట్టుకుని చదివాడు. "మెసేజ్ రిసీవ్డ్. సారీ అబౌట్ ద డోర్. ఈజ్ అంకుల్ స్టిల్ హ్యాపీ?"

నేను మా అమ్మాయిని మనసులో తిట్టుకున్నాను, అంతలోనే ఏడుపొచ్చింది. పెద్దాయన కాగితం మడిచాడు. ఏం చేయాలో తోచక, అలవాటు కొద్దీ జేబులోంచి పెన్సిల్ తీసి, "ఎనీ రిప్లై, మ్యామ్?" అన్నాడు. అనేసి నాలుక కరుచుకున్నాడు.

ఆంటీ ఆ పెన్సిల్ వైపు చూసింది. అన్నం మెతుకులున్న చేయి పక్కకి పట్టుకుని, గొంతు సవరించుకుంది.

"రైట్ డౌన్," అంది. "మెసేజ్ డెలివర్డ్. వైఫ్ ఓపెన్డ్ ద డోర్."

పెద్దాయన రాసుకున్నాడు. మాటలు లెక్కపెట్టుకుని, సరిగ్గా ఉందో లేదో చూసుకోమని పద్ధతి ప్రకారం ఆవిడకే మళ్ళీ చదివి వినిపించాడు. ఆంటీ శ్రద్ధగా విని, అడ్డంగా తల ఊపింది.

"ఒక మాట తగ్గింది. హిజ్ వైఫ్ అని రాయండి."